మా సెల్లార్‌లో చీటింగ్ చేసిందెవరు?

మా అపార్ట్‌మెంట్ నాలుగో ఫ్లోర్‌కి ఈ ఏడాది జూన్‌లో ఓ ఫ్యామిలీ డాలస్ నుంచి వచ్చేసింది. అక్కడి ఉద్యోగం, ఇల్లు అన్నీ వదిలేసి వచ్చారు. వాళ్ళబ్బాయికి పదేళ్ళు. తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడితే కాస్త తడబడతాడు. వచ్చిన రెండోరోజే కిందికి దిగి పిల్లలతో నేల-బండ ఆడబోయాడు. పావుగంట కూడా కాలేదు, గొడవ.

గొడవ ఏంటంటే, మనవాళ్ళు పంటలేసుకుని దొంగెవరో తేల్చారు. ఆ పంటలేంటో వాడికి తెలీదు. పైకి పెట్టాలో కిందికి పెట్టాలో అర్థంకాక ఊరికే చెయ్యి చాపి నిలబడ్డాడు, దొంగయ్యాడు. సరేనని పరిగెత్తి ఒకమ్మాయిని ముట్టుకున్నాడు. ఆ అమ్మాయి వెంటనే వెనక్కి తిరిగి వాణ్ణే ముట్టేసింది. ‘నో ట్యాగ్ బ్యాక్స్!’ అని అరిచాడు. అమెరికాలో చాలాచోట్ల పిల్లలు ఆడే రూలది. నిన్ను ఇప్పుడే అవుట్ చేసినవాణ్ణి నువ్వు వెంటనే తిరిగి అవుట్ చెయ్యకూడదు. మనవాళ్ళకి అలాంటి రూల్ లేదు. ‘దొంగ అయ్యేసరికి కొత్త రూల్ పెడుతున్నాడు, చీటింగ్’ అన్నారు వీళ్ళు. ‘యూ గైజ్ ఆర్ చీటింగ్’ అన్నాడు వాడు. మూడు వారాలపాటు వాడు మళ్ళీ కిందికి దిగలేదు.

నేనప్పుడు సెల్లార్‌లో బైక్ తుడుచుకుంటూ ఇదంతా చూశా. ఇద్దరూ నిజమే చెప్తున్నారని తెలుస్తూనే ఉంది. కానీ నాకేం పట్టింది, సోమవారం రిలీజ్ ఉంది, పైకెళ్ళిపోయా.

జెండా తెలుసు, ఆట తెలీదు

సరిగ్గా అదే వారం మా అక్క కొడుకు స్కూల్లో ‘ఇంటర్నేషనల్ డే’ చేశారు. ఒక్కో పిల్లాడికి ఒక్కో దేశం. మావాడికి కెన్యా వచ్చింది. అక్క రాత్రంతా కూర్చుని చార్ట్ వేసింది. జెండా, రాజధాని నైరోబీ, ఓ సింహం, ఓ జిరాఫీ. పక్క సెక్షన్ పిల్లాడికైతే మొహానికి నల్లరంగు పూసి, నడుముకి ఆకులు కట్టి ‘ఆఫ్రికా’ అని స్టేజీ ఎక్కించారట. వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటోకి 40 లైకులు. ఆఫ్రికా దేశం కాదు, ఖండం అన్న సంగతి కూడా అక్కడ ఎవరికీ తట్టలేదు. మన హైదరాబాద్‌లోనే టోలీచౌకి వైపు ఆఫ్రికా దేశాల స్టూడెంట్స్ బోలెడుమంది ఉంటారు. వాళ్ళలో ఒకరు ఆ ఫొటో చూస్తే ఏమనుకుంటారో ఆలోచించండి.

మావాణ్ణి అడిగా, ‘ఒరేయ్, కెన్యాలో నీ అంత పిల్లలు ఏం ఆటలాడతారు?’ అని.

వాడు ఓ క్షణం ఆలోచించి, ‘వాళ్ళకి ఆటలుండవు మావయ్యా, సింహాలుంటాయి కదా’ అన్నాడు.

నవ్వొచ్చింది, కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నైరోబీ అంటే సాఫ్ట్‌వేర్ ఆఫీసులు, ట్రాఫిక్ జామ్‌లు ఉన్న మహానగరం. ఫోన్‌లో డబ్బులు పంపుకోవడం కెన్యావాళ్ళకి ఎంపెసాతో 2007లోనే అలవాటైంది. మన యూపీఐ వచ్చింది 2016లో. జెండా, రాజధాని బట్టీపట్టిన పిల్లాడికి ఇవేవీ తెలీవు. చార్ట్ నేర్పేది క్విజ్‌కి పనికొచ్చే దేశాన్ని. అక్కడ మనుషులుంటారని, వాళ్ళ పిల్లలు కూడా సాయంత్రం ‘ఇంకో ఐదు నిమిషాలమ్మా’ అని బతిమాలుతారని చార్ట్ చెప్పదు.

అలా మొదలైంది మా శనివారం సాయంత్రం ఆట. సెల్లార్‌లో ఖాళీ పార్కింగ్ స్లాట్లు రెండు, ఓ పాత జంపఖానా, ఓ డజను మంది పిల్లలు. వాళ్ళు నన్ను ‘అంకుల్’ అని పిలుస్తారు. నాకు 28. అయినా భరిస్తున్నా.

అమ్మమ్మ పీట మీద ఘనా

మొదటివారం మా అమ్మమ్మ వామనగుంటల పీట తీశా. ఇటో ఏడు, అటో ఏడు గుంటలు, సంచీ నిండా చింతపిక్కలు. (తెలంగాణ పిల్లలు వెంటనే ‘చింతగింజలు’ అని కరెక్ట్ చేశారు. ఇంకా ఆట మొదలవ్వకముందే ఒక కల్చర్ నేర్చేసుకున్నాం.) మనకి ఇది అమ్మమ్మల ఆట. కానీ గుంటల్లో గింజలు పంచుకుంటూ పోయే ఈ కుటుంబం ప్రపంచమంతా ఉంది. తమిళులకి పల్లాంకుళి, కన్నడిగులకి అళిగుళి మణె, మలేషియాలో చొంగ్‌కాక్, ఫిలిప్పీన్స్‌లో సుంగ్కా. కజకిస్థాన్‌వాళ్ళ తొగుజ్‌కుమలాక్‌లో 18 గుంటలు, 162 గుండ్లు. కజకిస్థాన్, కిర్గిజ్‌స్థాన్, తుర్కియే కలిసి తమ ఆటల్ని 2020లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించుకున్నాయి.

మావాడి కెన్యా సంగతికొస్తే, అక్కడి సముద్రతీరంలో, టాంజానియాలో ‘బావో’ ఆడతారు. నాలుగు వరసలు, 32 గుంటలు, 64 గింజలు. యూట్యూబ్‌లో రెండు రాత్రులు చూశా, నా బుర్రకే ఎక్కలేదు. సింహాలు తప్ప ఏముంటాయన్న మా మేనల్లుడికి ముందు ఆ సంగతే చెప్పా, ‘ఈ ఆట నాకే రాలేదురా’ అని. వాడు కాస్త గౌరవంగా చూశాడు, నన్ను కాదు, కెన్యాని.

అందుకే ఖండం అటు చివరికి, పశ్చిమాన ఉన్న ఘనాకి వెళ్ళాం. అక్కడి ‘ఓవారే’ సులువు. ఆటగాడికి ఆరు గుంటలు, గుంటకి నాలుగు గింజలు, మొత్తం 48. అమ్మమ్మ పీటలో చివరి గుంటలు రెండు వదిలేస్తే సరిపోయింది. మన ఆటలో గింజలు అయిపోతే పక్క గుంటలోవి తీసుకుని సాగిపోతూనే ఉంటాం, ఒక్కోసారి ఇన్ఫినిట్ లూప్‌లో పడ్డట్టు. ఓవారేలో అలా లేదు, ఒక్కసారి పంచితే మీ వంతు అయిపోయినట్టే. ఆఖరి గింజ పడి ఎదుటివాడి గుంటలో రెండో మూడో అయ్యాయంటే అవి మీవి. ఎవరికి ముందు 25 వస్తే వాళ్ళు గెలిచినట్టు.

అసలు తిరకాసు ఇంకో రూల్‌లో ఉంది. ఎదుటివాడి వైపు ఒక్క గింజ కూడా లేకపోతే, మీ ఎత్తుతో వాడికి గింజలు అందేలా వెయ్యాలి. అలాంటి ఎత్తు ఉండి కూడా వెయ్యకపోతే తప్పు. వాడి గుంటలు ఖాళీ చేసి కూర్చోబెట్టడానికి వీల్లేదు.

‘అదేంటి మావయ్యా! గెలిచే టైమ్‌లో వాడికి గింజలివ్వాలా?’ మావాడు లేచి నిలబడ్డాడు.

మా అమ్మమ్మ ఇంట్లో ఆడిన పద్ధతి దీనికి పూర్తిగా రివర్స్. గింజలు తగ్గినవాడు నింపుకోగలిగినన్ని గుంటలే నింపుకుని, మిగతావి మూసేసుకుని, ఆట ఆటకీ చిక్కిపోతూ చివరికి దివాలా తియ్యాల్సిందే. ఆ దివాలా చూడ్డంలోనే మాకు మజా. పిల్లలు రెండు పద్ధతుల్లోనూ ఆడారు. దీన్నిబట్టి ఘనావాళ్ళందరూ దయామయులు, మా అమ్మమ్మ రాక్షసి అని తీర్మానించెయ్యకండి. ఆట రూల్ చూసి జాతి గుణం రాసెయ్యడం కూడా ఆకులు కట్టడంలాంటిదే. కాకపోతే ‘ఎదుటివాడు ఆటలో మిగలాలి’ అనేది రూల్ అయితే ఎత్తులు ఎలా మారతాయో పిల్లలకి చేతివేళ్ళతో తెలిసింది. ఓ అమ్మాయి అడిగింది, ‘క్యారమ్స్‌లో కూడా ఇలా పెట్టొచ్చా అంకుల్?’ అని. ఎందుకు పెట్టకూడదు?

మా ఇంటి మందారం

రెండోవారం కొరియా. ఇక్కడ నా పని సులువు, ఎందుకంటే 2021లో వచ్చిన ‘స్క్విడ్ గేమ్’ గురించి చూడని పిల్లలకి కూడా తెలుసు. (చూడకూడని వయసులో ఎలా తెలుసంటే, రీల్స్.) అందులో పెద్ద బొమ్మ ఉండే ఆట గుర్తుందా? బొమ్మ అటు తిరిగినప్పుడు పరిగెత్తాలి, ఇటు తిరిగితే కదలకూడదు. ఆ బొమ్మ పాడే మాటలకి అర్థం ‘ముగుంగ్వా పువ్వు పూసింది’ అని. ముగుంగ్వా వాళ్ళ జాతీయ పుష్పం. అది మన పెరటి మందారానికి దగ్గర చుట్టమే, ఇద్దరిదీ హైబిస్కస్ కుటుంబం.

ఆ వాక్యం ఎందుకు పుట్టిందో తెలిస్తే ముచ్చటేస్తుంది. కొరియన్‌లో అది సరిగ్గా పది అక్షరాలు. ఒకటి నుంచి పది లెక్కపెట్టే బదులు ఆ వాక్యం అనేస్తారు. జపాన్‌లో ఇదే ఆట ఆడేటప్పుడు ‘దారుమా బొమ్మ పడిపోయింది’ అంటారు, అదీ వాళ్ళ లెక్కలో పదే. ఫ్రాన్స్‌లో ‘ఒకటి, రెండు, మూడు, సూర్యుడు’ అంటారు, ఇటలీలో సూర్యుడి బదులు నక్షత్రం.

‘మరి మనది?’ అన్నారు పిల్లలు. మనకి స్టాచ్యూ ఉంది కానీ పది అక్షరాల వాక్యం లేదు. అరగంట కొట్టుకుని తయారుచేశారు: ‘మా ఇంటి మందారం పూసేసిందోచ్!’ వేళ్ళు మడిచి లెక్కపెట్టండి, పది వస్తుంది.

ఆ కేకలు నాలుగో ఫ్లోర్ దాకా వెళ్ళాయి. డాలస్ అబ్బాయి మెట్లమీద నుంచి తొంగిచూశాడు. ‘ఐ నో దిస్! రెడ్ లైట్, గ్రీన్ లైట్!’ అన్నాడు. అమెరికాలో దీనికి అదే పేరు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. వచ్చి లైన్‌లో నిలబడ్డాడు. ఆ సాయంత్రం కొరియా ఆటని తెలుగు వాక్యంతో ఆడుతూ, కదలకుండా నిలబడ్డంలో అందరికంటే వాడే ఫస్ట్.

ఇలాంటి చుట్టరికాలు వెతికితే తెగ దొరుకుతాయి. మన ఏడుపెంకులాట ఇరాన్‌లో ‘హఫ్త్ సంగ్’, అంటే ఏడు రాళ్ళు. ‘హఫ్తా వసూల్’లో ఉన్న హఫ్తా కూడా ఆ ఏడులోంచి వచ్చిందే, వారానికి ఏడు రోజులు కాబట్టి. మన పచ్చీసు ఇంగ్లండ్ వెళ్ళి 1896లో లూడోగా పేటెంట్ తీసుకుని, లాక్‌డౌన్‌లో మన ఫోన్లలోకే తిరిగొచ్చింది. జర్మన్లు దాని చెల్లెలిలాంటి ఆటకి పెట్టిన పేరు తెలుసా? అర్థం ‘ఓ మనిషీ, కోప్పడకు’. లూడోలో కాయ పోగొట్టుకున్న ఎవరికైనా ఆ పేరులోని విజ్ఞత అర్థమవుతుంది.

వర్షం పడ్డ ఓ శనివారం నా ల్యాప్‌టాప్ తెచ్చి అందరం కలిసి జియోగెస్సర్ ఆడాం. స్వీడన్ డెవలపర్ ఒకాయన 2013లో మొదలుపెట్టిన ఆట. ఏదో దేశపు వీధిలో మిమ్మల్ని దించేస్తుంది, అదెక్కడో చెప్పాలి. ఈఫిల్ టవర్లు, తాజ్‌మహళ్ళు కనిపించవు. కిరాణా కొట్టు, కరెంటు స్తంభం, చెత్తకుండీ కనిపిస్తాయి. ‘బండ్లు ఎడమవైపు వెళ్తున్నాయి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి’ అని ఒకడు, ‘శ్రీలంక!’ అని ఇంకొకరు. చార్ట్ మీద అంటించే దేశం కన్నా ఈ చెత్తకుండీల దేశమే పిల్లలకి దగ్గరగా అనిపించింది.

మాట్లాడకూడదు, అంతే

ఇవన్నీ ఒక ఎత్తు, ‘బార్న్‌గా’ ఇంకో ఎత్తు.

1980లో శివశైలం త్యాగరాజన్ అనే తమిళుడు, గేమ్ డిజైనర్, లైబీరియాలోని బార్న్‌గా అనే ఊళ్ళో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ పని మీద ఉన్నారు. తోటి ఉద్యోగులతో యూకర్ అనే పేకాట ఆడబోతే పేచీలొచ్చాయి. అందరూ తమకి ఆట వచ్చనే అనుకున్నారు, కానీ ఒక్కొక్కరి రూల్స్ కాస్త కాస్త వేరు. మనమైతే అలిగి ముక్కలు విసిరేస్తాం. ఆయన ఆ పేచీనే ఆటగా మార్చారు.

ఎలా ఆడాలంటే, నలుగురు చొప్పున మూడు గుంపులు. ఒక్కో గుంపుకి పేకలోంచి ఆసు నుంచి 7 వరకు ముక్కలే, అంటే 28. తలా 7. ఒకరు ఏ గుర్తు వేస్తే మిగతావాళ్ళు ఆ గుర్తే వెయ్యాలి, పెద్ద ముక్క వేసినవాళ్ళు ఆ నాలుగూ గెలుస్తారు. ప్రతి గుంపుకీ రూల్స్ రాసిన కాగితం ఇచ్చి, చదివి కాస్త ప్రాక్టీస్ చేశాక లాగేసుకోవాలి. ఇక అక్కణ్ణుంచి నోరు మెదపకూడదు. సైగలు చెయ్యొచ్చు, బొమ్మలు గియ్యొచ్చు, మాట రాయకూడదు. ఒక రౌండ్ అయ్యాక ఎక్కువ గెలిచినవాళ్ళు ఒక పక్క గుంపుకి, తక్కువ గెలిచినవాళ్ళు రెండో పక్క గుంపుకి మారాలి.

కిటుకు ఏంటంటే, మూడు కాగితాలూ ఒకేలా ఉండవు. ఒకచోట ఆసు అన్నిటికంటే చిన్నది, ఒకచోట పెద్దది. ఒకచోట తురుపు లేదు, ఒకచోట ఇస్పేటు తురుపు, ఇంకోచోట డైమను. ఈ సంగతి ఎవరికీ చెప్పరు.

‘పిల్లలకి పేకాట నేర్పిస్తున్నావా బాబూ?’ అని బి బ్లాక్ ఆంటీ ఒకావిడ రానే వచ్చారు. డబ్బుల్లేవండీ, ముక్కలే, అని పది నిమిషాలు నచ్చచెప్పా. తెలుగు అపార్ట్‌మెంట్లో అంతర్జాతీయ అవగాహనకి మొదటి అడ్డంకి ఇదే. మీరూ చేద్దామనుకుంటే ఒకటి నుంచి ఏడు అంకెలు, నాలుగు రంగులతో అట్టముక్కలు కత్తిరించుకోండి, గొడవ ఉండదు.

మొదటి రౌండ్ హాయిగా సాగింది. నేల-బండలో ‘చీటింగ్’ అని తేల్చిన అమ్మాయే, ఆరో క్లాసు, పిల్లలందరికీ లీడర్, తన గుంపులో గెలిచి పక్క గుంపుకొచ్చింది. అక్కడ డాలస్ అబ్బాయి ఉన్నాడు. ఆ అమ్మాయి ఠీవిగా ఆసు వేసి ముక్కలు లాక్కోబోయింది. తను వచ్చిన చోట ఆసు పెద్దది. ఇక్కడ చిన్నది. వాడు తల అడ్డంగా ఊపి తన ఆరు చూపించాడు. ఆ అమ్మాయి ఆసుని వేలితో టకటకా కొట్టింది. వాడు ఆరుని కొట్టాడు. మిగతా ఇద్దరూ వాడివైపే. ఇంకో రెండుసార్లు ఇలాగే అయ్యేసరికి ఆ అమ్మాయి కళ్ళు నిండిపోయాయి. నాలుగోసారి ముక్కలు జంపఖానా మీద పారేసి మెట్లమీదకెళ్ళి కూర్చుంది.

అక్కడితో ఆపేసి, కాగితాలు మూడూ పక్కపక్కన పెట్టి చూపించా. రెండు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత ఒకటే గోల.

‘అలాగైతే ముందే చెప్పాలి కదా అంకుల్! ఇదేం గేమ్? వీళ్ళందరూ కలిసి నన్ను చీట్ చేస్తున్నారనుకున్నా!’ ఆ అమ్మాయికి ఇంకా కోపం తగ్గలేదు. కోపం సబబే. ఎనిమిదేళ్ళలోపు పిల్లలతో ఇది ఆడించకపోవడమే మంచిదని నాకప్పుడే తెలిసింది.

డాలస్ అబ్బాయి ముక్కలు సర్దుతూ, నెమ్మదిగా, వెతుక్కుంటూ అన్నాడు. ‘నాకు... రోజూ ఇలాగే ఉంటుంది. స్కూల్లో కూడా.’

ఎవరూ ఏం మాట్లాడలేదు. నా దగ్గరా జవాబు లేదు.

ఇంటికొచ్చాక చాలాసేపు ఆలోచించా. రూల్స్ వేరని తెలిశాక కూడా ఓ చిక్కు మిగిలే ఉంటుంది. ఎవరి రూల్‌తో ఆడాలి? గుంపులో ముగ్గురు, కొత్తగా వచ్చినవాడు ఒక్కడు. ముగ్గురి రూలే గెలుస్తుంది. వాడు మన పంటలు నేర్చుకుంటాడు, మనవాళ్ళు వాడి ‘నో ట్యాగ్ బ్యాక్స్’ నేర్చుకోరు. డాలస్‌లో వాడి నాన్న కూడా ఇన్నేళ్ళూ ముగ్గురి మధ్య ఒక్కడిగానే ఆడుంటాడు. మన ఇళ్ళలో సగం మందికి అలా ఆడుతున్న అన్నో అక్కో ఉన్నారు.

మర్నాడు ఆదివారం సాయంత్రం బైక్ తీస్తుంటే సెల్లార్‌లో పిల్లలు నేల-బండకి రెడీ అవుతున్నారు. డాలస్ అబ్బాయి పంటలు వేశాడు, ఈసారి కరెక్టుగానే. దొంగ వేరే ఎవరో అయ్యారు. పరుగు మొదలవ్వబోతుంటే ఆరో క్లాసు లీడర్ చెయ్యెత్తి ఆపింది.

‘ఆగండి. ఈరోజు ట్యాగ్ బ్యాక్ ఉందా, లేదా?’

ఏడింటిదాకా అమెరికా రూల్, ఏడు తర్వాత మన రూల్ అని ఒకడన్నాడు. కాదు, ముందు మనది అని ఇంకొకడు. మా మేనల్లుడైతే దొంగకి ఎవరూ దొరక్కపోతే ఒకళ్ళు వెళ్ళి దొరకాలని, ఘనాలో అలాగే ఉంటుందని వాదిస్తున్నాడు. నేను పెట్రోల్ కొట్టించుకుని తిరిగొచ్చేసరికి కూడా ఆట మొదలవ్వలేదు, ఇంకా రూల్స్ దగ్గరే ఉన్నారు.